గట్టు ముందు, తలుపులు తర్వాత

చి॥ సౌ॥ అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. మూడింట్లోనూ తలుపుల రంగు గురించి నాలుగేసి లైన్లున్నాయి, సింకు కింద పైపు గురించి ఒక్క లైను కూడా లేదు. పది అడుగుల ఎనిమిది గది, చేతిలో లక్షన్నర. ఆ డబ్బుతో మంచి వంటగదే వస్తుంది, కంగారు పడకు. కాకపోతే ఖర్చు పెట్టే వరస మార్చాలి.

ముందు కాగితం తీసుకుని రెండు కుప్పలు వెయ్యి. గోడో నేలో పగలగొడితే తప్ప మార్చలేనివి ఒకటి: నీళ్ళ పైపులు, డ్రైన్, వైరింగు, గట్టు ఎత్తు, గ్రానైట్, టైల్స్. స్క్రూడ్రైవరుతో విప్పి మార్చుకోగలిగినవి రెండోది: తలుపులు, గట్టు కింద లాగితే బయటికొచ్చే స్టీలు బాస్కెట్లు, పై అరలు, అటక తలుపులు, చిమ్నీ. మొదటి కుప్పలో ఒక్క రూపాయి కూడా తగ్గించవద్దు. రెండో కుప్ప ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం చేసుకున్నా వంట ఆగదు. నా లెక్క ప్రకారం మొదటి కుప్పకి 60 వేలు, కింది తలుపులకీ మూడు బాస్కెట్లకీ 50 వేలు, గాలి బయటికి పోయే ఏర్పాటుకి 15 వేలు. మిగిలిన 25 వేలూ అల్లుడుగారి దగ్గర విడిగా ఉంచు. గోడ తవ్వాక ఏదో ఒకటి బయటపడుతుంది, అప్పుడు కావాలి.

నీ గదికి ఎల్ ఆకారం సరిపోతుంది. పది అడుగుల గోడ పొడుగునా ఒక గట్టు, ఎనిమిది అడుగుల గోడకి మిగిలిన ఆరు అడుగులు, మొత్తం 16 అడుగుల గట్టు. మూలలో తిరిగే స్టాండ్లు పెడతామంటారు, వద్దను. చాలా డబ్బు తీసుకునే వస్తువు అది. ఆ మూల కింద పండగలకి తీసే పెద్ద గిన్నెలు పెట్టుకో. పొయ్యి ఆగ్నేయంలో రావాలని అత్తగారు అన్నారని రాశావు. తూర్పు గోడకి పెడితే కుదురుతుంది. సింకు మాత్రం పొయ్యికి కనీసం మూడు అడుగుల దూరంలో కిటికీ కింద పెట్టించు. మధ్యలో మిగిలే ఆ మూడు అడుగులే నువ్వు కూర తరిగే చోటు. పొయ్యి, సింకు పక్కపక్కనే పెట్టి అవతల పొడుగ్గా ఖాళీ వదిలేస్తే తరిగిన ముక్కలు పట్టుకుని అటూ ఇటూ తిరగడమే పని అవుతుంది.

గట్టు ఎత్తు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. చెప్పులు లేకుండా నిలబడి మోచెయ్యి వంచు. నేల నుంచి మోచేతి దాకా అల్లుడుగారితో కొలిపించు. అందులోంచి ఆరు అంగుళాలు తీసెయ్. ఐదు అడుగుల రెండు అంగుళాల మనిషికి 33 దగ్గర వస్తుంది. తరగడానికి ఇంకో అంగుళం ఎక్కువున్నా ఇబ్బంది లేదు కానీ, పొయ్యి ఎత్తు, దాని మీద కుక్కరు ఎత్తు కలిస్తే గరిటె తిప్పడానికి భుజం పైకి లేపాల్సి వస్తుంది, ఆరు నెలల్లో మెడ నొప్పి మొదలవుతుంది. ఇక అసలు మెలిక: మేస్త్రీ ఆ 33 అంగుళాలనీ ఏ నేల మీంచి కొలుస్తాడు? టైల్స్ వెయ్యని గచ్చు మీంచి కొలిస్తే, తర్వాత సిమెంటూ టైలూ కలిపి రెండు, రెండున్నర అంగుళాలు పైకి వస్తాయి, నీ గట్టు ముప్పైన్నర, ముప్పై ఒక్క అంగుళాలకి దిగిపోతుంది. హాల్లో పూర్తయిన టైల్ మట్టాన్ని వాటర్ లెవెల్ ట్యూబుతో వంటింటి గోడ మీదకి తెచ్చి, గీత గీసి, అక్కణ్ణుంచి 33 కొలవమను. గీత దగ్గర నువ్వు నిలబడి చూడు.

వెడల్పు 24 అంగుళాలు అంటారు. గోడ టైలు, దాని వెనక సిమెంటు కలిసి ఒక అంగుళం తినేస్తాయి కాబట్టి రాయి 25 తీసుకో. అంచు ముందుకి ఒక అంగుళం పొడుచుకుని రావాలి, దాని కింద పొడుగునా ఒక సన్నటి గాడి కోయించు. గట్టు మీద ఒలికిన నీళ్ళు ఆ గాడి దగ్గర కింద పడిపోతాయి. గాడి లేకపోతే రాతి అడుగునే పట్టుకుని లోపలికి పాకి తలుపుల పై అంచుని నానబెడతాయి. తలుపులు ఉబ్బిపోయాయని అందరూ చెక్కని తిడతారు, తప్పు చాలాసార్లు ఈ గాడి లేకపోవడంలో ఉంటుంది.

రాయి నల్లదే తీసుకో. చీమకుర్తి గెలాక్సీ ధర ఎక్కువ అనిపిస్తే స్టీల్ గ్రే చాలు. పసుపు, చింతపండు రసం, నూనె రోజూ పడే చోట తెల్ల రాయి వద్దు. యార్డుకి వెళ్ళేటప్పుడు ఒక సీసాలో నీళ్ళు, ఒక తెల్ల గుడ్డ, కాస్త థిన్నర్ పట్టుకెళ్ళు. పలక మీద నీళ్ళు పూసి ఆరనివ్వు. మిగతాది ఆరిపోయాక ఎక్కడైనా తడి గీత నిలిచిందంటే అక్కడ సన్న పగులుంది. థిన్నర్ గుడ్డతో రుద్దితే నలుపు అంటుకుందంటే అది రంగేసిన రాయి, ఏడాదిలో పొయ్యి చుట్టూ వెలిసిపోతుంది. సింకు చేతికి రాకుండా దానికి రాయి కోయనివ్వద్దు. కోసిన చోట మూలలు గుండ్రంగా ఉండాలి, ఠక్కున లంబంగా కోస్తే పగులు అక్కణ్ణుంచే మొదలవుతుంది. ముందు వైపు కనీసం మూడు అంగుళాల రాయి మిగలాలి.

గట్టు కింద ప్లైవుడ్ పెట్టెలు చేయించకుండా కడప బండల్ని నిలువుగా నిలబెట్టించు. మీ డబ్బు మిగిలేది ఇక్కడే. రాతికి చెదలు పట్టవు, నీళ్ళు తగిలినా ఏమీ కాదు, ముందు తలుపులు బిగిస్తే బయటికి మాడ్యులర్‌లాగే కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త కావాలి. బండల మధ్య ఖాళీ ఎంతో మేస్త్రీ నిర్ణయించకూడదు, బాస్కెట్ నిర్ణయించాలి. షాపుకి వెళ్ళి 21 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల లోతు బాస్కెట్ చూడు. రెండు పక్కలా ఛానళ్ళకి, అంటే బాస్కెట్ జారే పట్టాలకి, చెరో అర అంగుళం, అంటే లోపల 22 కావాలి. మేస్త్రీ అలవాటుగా మధ్య నుంచి మధ్యకి రెండడుగులు పెట్టేస్తాడు, బండల మందం పోను లోపల ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు, బాస్కెట్ సరిగ్గా కుదరదు. పైనా కిందా, ముందూ వెనకా నాలుగు చోట్లా టేపు పెట్టి 22 ఉందో లేదో చూసుకున్నాకే పైన గ్రానైట్ వెయ్యనివ్వు. బండ పావు అంగుళం వాలినా బాస్కెట్ సగంలో బిగుసుకుంటుంది.

బాస్కెట్లకి స్టీలు 304 అని బిల్లులో రాయించు. అయస్కాంతం పెట్టి చూపించి నమ్మిస్తారు, అది పరీక్ష కాదు. చవక రకమైన 202 స్టీలుకి కూడా సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళో 202 తొందరగా మచ్చలు పడుతుంది. ఎన్ని కొనాలంటావేమో, కొనకముందే ఇంట్లో సామాన్లన్నీ నేల మీద పరిచి ఎత్తు కొలువు. ఐదు లీటర్ల కుక్కరు, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీ, పప్పుల డబ్బాలు, పళ్ళేలు. నాలుగు అంగుళాల బాస్కెట్లో గరిటెలు, ఆరులో గిన్నెలు, ఎనిమిదిలో డబ్బాలు. మూడు చాలు. 26 కిలోల బియ్యం డబ్బా, గ్రైండరు ఎప్పుడూ బాస్కెట్లో పెట్టకు, వాటికి అడుగున ఖాళీ అర ఉంచు.

గ్యాస్ బండకి కనీసం 18 అంగుళాల వెడల్పు గది పొయ్యి పక్కనే రావాలి. 14.2 కిలోల సిలిండరు ఎత్తు రెండడుగుల పైచిలుకు, మీద రెగ్యులేటరు తిప్పడానికి చెయ్యి పట్టాలి, కాబట్టి ఆ గదిలో మధ్య అర పెట్టించకు. తలుపుకి కింది భాగంలో జాలీ తప్పనిసరి. వంట గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీదే పేరుకుంటుంది, పైన చిల్లులు పెట్టినందువల్ల ఉపయోగం లేదు. సిలిండరు నుంచి పొయ్యికి వెళ్ళే సురక్ష ట్యూబు మీటరున్నరకి మించకూడదు, ఐదేళ్ళకోసారి మార్చాలి, తేదీ ట్యూబు మీదే ఉంటుంది. గ్రానైట్‌లో ట్యూబు దిగే రంధ్రం అంచు కత్తిలా ఉంటుంది, అక్కడ రబ్బరు బుష్ వేయించు.

సింకు ఒకే తొట్టి, 24 అంగుళాల 18, లోతు 9. రెండు తొట్ల సింకులో మన కుక్కరు గానీ, దోసె పెనం గానీ సరిగ్గా తిరగదు. కింద ముడతల గొట్టం నేరుగా డ్రైన్లోకి దోపి వదిలేస్తారు, అది ఒప్పుకోకు. నీళ్ళు నిలిచే ట్రాప్ ఉంటేనే వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆగుతాయి. డ్రైన్ పైపు రెండు అంగుళాలు, వాలు అడుగుకి పావు అంగుళం చొప్పున. ప్యూరిఫయర్‌కి నీళ్ళ పాయింటు, దాని వృథా నీళ్ళు పోయే పైపు కూడా ఇప్పుడే గోడలో వేయించెయ్.

కరెంటు పాయింట్లలో పిసినారితనం చెయ్యకు. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు, తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, చిన్న సాకెట్‌లో పెడితే కాలిపోతుంది. ఇండక్షన్, ఓవెన్, ఫ్రిజ్ ఒక్కోదానికి 16 ఆంపియర్ల సాకెట్, మిక్సీకి, ప్యూరిఫయర్‌కి చిన్నవి. గట్టుకి ఒక అడుగు పైన పెట్టించు, పొయ్యి వెనకా సింకు పైనా వద్దు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు, తడి చేతులతో పని చేసే గది ఇది. టైల్స్ అంటించే ముందు ప్రతి గోడకీ టేపు ఆనించి పెట్టి ఫోటో తీసుకో. తర్వాత అరకి మేకు కొట్టేటప్పుడు పైపు ఎక్కడుందో, వైరు ఎక్కడుందో ఆ ఫోటో చెబుతుంది.

గ్రానైట్ పడ్డాకే గోడ టైల్స్ రావాలి, టైల్ రాతి మీద కూర్చోవాలి. ఆ అతుకులో తెల్ల సిమెంటు పూస్తే ఆర్నెల్లలో చీలుతుంది, సిలికాన్ పెట్టమను. గట్టు పైన రెండు అడుగుల ఎత్తు టైల్స్ చాలు, పొయ్యి వెనక మాత్రం చిమ్నీ వచ్చే చోటు దాకా వేయించి, అక్కడ టైల్స్ సందుల్లో నింపే గ్రౌటు ఎపాక్సీది పెట్టించు.

చిమ్నీ ఇప్పుడే కొనాలని లేదు. మూడు బర్నర్ల పెద్ద పొయ్యికి 90 సెంటీమీటర్లది కావాలి, ఈ బడ్జెట్‌లో అది భారం. ఇప్పటికి మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, చిమ్నీ గొట్టానికి ఆరంగుళాల రంధ్రం, పైన ఒక సాకెట్ సిద్ధం చేసి ఉంచు. గొట్టం లేకుండా ఫిల్టరుతో నడిచేవి చవగ్గా చూపిస్తారు. వాటితో పోపు ఘాటు కాస్త తగ్గినా వేడి గదిలోనే ఉండిపోతుంది.

ఇక తలుపులు. కార్పెంటరు టైల్స్ పూర్తయ్యాకే కొలతలు తీసుకోవాలి. ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లు, నీళ్ళకి తట్టుకునే రకమని చెప్పే ఐఎస్ 710 ముద్ర ఉన్నది. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు. అనుమానముంటే చిన్న ముక్క కోసి నాలుగు గంటలు మరిగే నీళ్ళలో వెయ్యి, నాసిరకమైతే పొరలు విడిపోతాయి. బయట ఒక మిల్లీమీటరు సన్‌మైకా, లోపల పల్చటిదైనా చాలు, కానీ నాలుగు అంచులకీ పట్టీ అంటించాలి. కంటికి కనపడని కింది అంచు వదిలేస్తారు, ఇల్లు తుడిచిన నీళ్ళు తాగేది అదే. సింకు కింది తలుపు ఒక్కటీ అల్యూమినియం ఫ్రేముతో చేయించు.

ఆ కొటేషన్ల మాటకొస్తే, రెండోవాళ్ళు 16 అడుగుల పొడవుని 2.75 అడుగుల ఎత్తుతో గుణించి 44 చదరపు అడుగులు వేశారు. ఎల్ మూలలో రెండు అడుగులు ముందుకి కనపడవు, తలుపులుండేది 14 అడుగులే. కింద నాలుగు అంగుళాలు కాలివేళ్ళకి వదలాలి, పైన రాయి, దాని కింది మందం పోను ఎత్తు 2.3. గుణించు, 32 వస్తుంది. పన్నెండు చదరపు అడుగులు గాలికి కడుతున్నావన్నమాట. ఏది కొలుస్తారో, హ్యాండిళ్ళు, కీళ్ళు, ఛానళ్ళు, రవాణా అందులో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకో. పదో వంతు డబ్బు, తలుపులన్నీ ఒక నెల తెరిచి మూశాకే ఇస్తానని ముందే చెప్పు. ఒప్పుకోని వాళ్ళని వదిలెయ్.

ఈ ఆదివారం సుద్దముక్కతో గది నేల మీద గట్టు, పొయ్యి, సింకు, ఫ్రిజ్ గీసెయ్. ఫ్రిజ్ తలుపు తెరుచుకునే అర్ధచంద్రం కూడా గియ్యి. ఇద్దరూ అందులో నిలబడి ఉత్తుత్తి వంట చేసి చూడండి. తర్వాత అంగుళాలతో సహా కాగితం మీద వేసి నాకు పంపు. సోమవారం మేస్త్రీ వచ్చేలోగా చూసి చెబుతాను.

బాబాయి