అవిసె పొడి చేదెక్కింది, ఏం చేయాలి?

కిలో గింజలు ఒకేసారి పొడి కొట్టి డబ్బాలో పోస్తే, మూడు వారాలకే చేదెక్కి పెయింటు వాసన వస్తోందన్నారు. పారేయండి, మళ్ళీ వేయించినా బాగుపడదు. అందులోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లానికి (ఇదో ఒమేగా-3 కొవ్వు) మూడు ద్వంద్వ బంధాలు, అంటే ఆక్సిజన్ సులువుగా దాడిచేసే చోట్లు. గింజ నలిగి గాలి తగిలితే అక్కడే ఆక్సీకరణ మొదలవుతుంది. అవిసె నూనెను రంగుల్లో కలిపేదీ ఈ గుణం వల్లే! విశాఖ వేడిలో బయట పెడితే ఇంకా త్వరగా పాడవుతుంది.

గింజలుగానే నిల్వ ఉంచండి. వారానికి మనిషికి 50 గ్రాములు చొప్పున, చిటపటలాడేదాకా సన్నసెగన వేయించి, పూర్తిగా చల్లారాకే మిక్సీ పట్టండి. వేడిమీదే మిక్సీ పడితే ముద్దకడుతుంది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రోజుకు ఒక టేబుల్ స్పూను (7 గ్రాములు) చాలు, 1.6 గ్రాముల దాకా ఆ ఆమ్లం అందుతుంది. గింజలు నమలకుండా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి.

ఇక చేపలు మానేయొచ్చా అన్నారు. తినేవారైతే ఎందుకు మానడం? చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్‌ఏ. అవిసె ఆమ్లం ఒంట్లో ఈపీఏగా మారేది కొంచెమే, డీహెచ్‌ఏగా మరీ తక్కువ. ఫిషింగ్ హార్బరులో దొరికే కవళ్ళు (సార్డిన్లు), కానాగంతల్లో (మాకెరల్) అవి నేరుగానే ఉంటాయి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందు డాక్టరును అడగండి.