మధ్యలో ఎవరూ చదవలేనప్పుడు వాట్సాప్ చాట్లు బయటికెలా వస్తున్నాయి?

మీరడిగినవి రెండు. ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరికీ అర్థం కాకుండా సందేశానికి తాళం వేయడం) ఉందంటున్న వాట్సాప్ చాట్లు టీవీ తెరల మీదికి ఎలా వస్తున్నాయని ఒకటి, బస్టాండులో ఉచిత వైఫై మీద బ్యాంకు యాప్ తెరవొచ్చా అని ఇంకొకటి.

మొదటిదానికి జవాబు: అవి దారి మధ్యలోంచి రావట్లేదు. ఫోన్లోంచి, బ్యాకప్‌లోంచి, ఎక్కడో తెరిచి వదిలేసిన కంప్యూటర్‌లోంచి వస్తున్నాయి. నా ఉద్యోగం నెట్‌వర్క్ విభాగంలోనే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఈ పిచ్చి నాకు ఇంజనీరింగ్ హాస్టల్లో పట్టుకుంది. 2010లో ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి తగిలించుకునే ఒక చిన్న ప్రోగ్రామ్ వచ్చింది. మా హాస్టల్ వైఫైకి పాస్‌వర్డ్ ఉండేది కాదు. ఓ సీనియర్ దాన్ని ఆన్ చేస్తే, పక్క గదుల్లో ఫేస్‌బుక్ చూస్తున్నవాళ్ల పేర్లు ఫొటోలతో సహా బ్రౌజర్‌లో ఓ పక్కన వరసకట్టేవి. పేరు మీద నొక్కితే నేరుగా వాళ్ల అకౌంట్‌లోకే! అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి, ఆ తర్వాత 'ఇతను ఫలానా' అని చెప్పే కుకీని గాల్లో బాహాటంగా వదిలేసేవి. దాన్ని పట్టుకుంటే పాస్‌వర్డ్‌తో పనే లేదు. మాకు నవ్వులాట; అకౌంట్ పోయినవాడికి కాదనుకోండి.

ఆ గోల తర్వాత పెద్ద సైట్లు ఒక్కొక్కటే పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే లాగిన్ ఒక్కటే కాకుండా ప్రతి పేజీనీ ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతికి మారాయి. ఫేస్‌బుక్ 2013 నాటికి అందరికీ పెట్టేసింది. 2015లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దానికి కావలసిన సర్టిఫికెట్లు (ఈ చిరునామా ఈ సైటుదేనని చెప్పే డిజిటల్ పత్రాలు) ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చిన్న సైట్లకూ సాకు లేకుండా పోయింది. ఈమధ్య మా ఇంటి వైఫైకి నా ఫోన్నే కలిపి, నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాని చూపించే వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్‌తో చూశాను. ఏ సైటుకి వెళ్తున్నానో చాలావరకు తెలుస్తోంది, ఎంత డేటా, ఎప్పుడు అన్నదీ తెలుస్తోంది. లోపలి సరుకు మాత్రం అర్థంపర్థం లేని అక్షరాలే. కాబట్టి బస్టాండులో బ్యాంకు యాప్ తెరవండి, ఫరవాలేదు. సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిక వస్తే మాత్రం అక్కడితో ఆపేయండి. హెచ్‌టీటీపీఎస్ ఉన్నంత మాత్రాన సైటు మంచిదని కాదు, దొంగ బ్యాంకు సైటుకీ ఆ సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది.

ఇక వాట్సాప్. మీరు, మీ అక్క ఇద్దరికే తెలిసిన తాళంచెవి ఒకటి కావాలి. కానీ మీ మధ్య వెళ్లే ప్రతి ముక్కా సర్వర్ (సందేశాలను అటూ ఇటూ చేరవేసే వాట్సాప్ కంప్యూటర్) కళ్ల ముందే వెళ్తుంది. మరి వాడికి తెలియకుండా ఎలా? దీనికి డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు 1976లో దారి చూపించారు. కాలిక్యులేటర్ తీయండి. 5, 23 అనే అంకెలు అందరికీ తెలుసు. మీరు మనసులో 3 అనుకున్నారు. 5ని మూడుసార్లు వేసి గుణిస్తే 125, దాన్ని 23తో భాగిస్తే శేషం 10. ఆ 10ని అక్కకి పంపండి. అక్క 7 అనుకుంది. 5ని ఏడుసార్లు గుణించి భాగిస్తే శేషం 17, అది మీకు పంపింది. ఇప్పుడు మీరు 17ని మీ 3 సార్లు గుణించి 23తో భాగిస్తే శేషం 14. అక్క 10ని తన 7 సార్లు గుణించి భాగించినా 14. మధ్యలో ఉన్నవాడు చూసింది 5, 23, 10, 17 మాత్రమే, 14 వాడి కంటపడనే లేదు. 23 లాంటి చిన్న అంకెతో అయితే కూర్చుని లెక్కగట్టేస్తాడు, కానీ అసలు వాడే సంఖ్యలు డెబ్భై ఎనభై అంకెల పొడుగుంటాయి, లెక్క కూడా ఇంతకంటే మెలికలు తిరిగి ఉంటుంది. వాట్సాప్ సందేశాలకి తాళం వేసే పద్ధతి పేరు సిగ్నల్ ప్రోటోకాల్, దాని పునాది ఇదే. పైగా అది తాళాలను సందేశం సందేశానికీ మార్చేస్తుంది, ఒకటి దొరికినా పాత చాటంతా తెరుచుకోదు.

సర్వరే మీ ఇద్దరి మధ్యా దూరి, మీతో అక్కలాగా అక్కతో మీలాగా లెక్క కలిపితే? కాంటాక్ట్ వివరాల్లో 60 అంకెల కోడ్ ఉండేది అందుకే. ఇద్దరి ఫోన్లలో ఒకటే ఉంటే ఎవరూ దూరలేదన్నమాట. నిజం చెప్పాలంటే నేను దాన్ని ఇంట్లోవాళ్లతో తప్ప ఎవరితోనూ సరిచూడను.

మామూలు ఎస్సెమ్మెస్‌కి ఇవేవీ వర్తించవు, టెలికాం కంపెనీ దాన్ని చదవగలదు. టెలిగ్రామ్‌లో కూడా సీక్రెట్ చాట్‌కే ఈ రక్షణ, మామూలు చాట్‌కి లేదు. వాట్సాప్‌లో కూడా మీరు ఎవరితో, ఎప్పుడు మాట్లాడారన్నది కంపెనీకి తెలుస్తుంది, ఏం మాట్లాడారన్నది తెలియదు. మీరు ఎవరినైనా రిపోర్ట్ కొడితే మాత్రం వాళ్లు పంపిన చివరి ఐదు సందేశాలు కంపెనీకి చేరతాయి.

ఇప్పుడు మా బాబాయి సంగతి. పట్టాదారు పాస్‌బుక్ ప్రింటు తీయించాలని మండల కేంద్రంలో ఓ జిరాక్స్ షాపుకెళ్లారు. మెయిల్ పంపడం ఆయనకి రాదు, షాపతను తన కంప్యూటర్‌లో ఈయన వాట్సాప్ తెరిచాడు. ప్రింటు తీసుకుని ఈయన వచ్చేశారు, లాగౌట్ ఎవరూ చేయలేదు. కొన్నాళ్లకి పొలం పంపకాల గురించి అన్నదమ్ములు రాసుకున్న మాటలు ఊరి రచ్చబండ మీద వినిపించాయి. బాబాయి ఫోన్ హ్యాక్ అయిందని గోల. చూస్తే వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ అని, మన అకౌంట్ తెరిచి ఉన్న కంప్యూటర్లను చూపించే జాబితాలో అది ఇంకా బతికే ఉంది! ఎన్‌క్రిప్షన్ తన పని శుభ్రంగానే చేసింది, ప్రతి సందేశాన్నీ ఎవరికీ చిక్కకుండా భద్రంగా ఆ షాపుదాకా చేర్చింది. టీవీలో చాట్లు కనబడ్డాయంటే ఫోన్ చేతికి చిక్కడమో, అవతలివాళ్లే స్క్రీన్‌షాట్ తీసివ్వడమో, ఇలాంటిదేదో జరిగి ఉంటుంది.

ఇవాళే రెండు చూసుకోండి. లింక్డ్ డివైసెస్‌లో మీకు తెలియనిదేదైనా ఉంటే తీసేయండి. తర్వాత చాట్ బ్యాకప్‌లోకి వెళ్లండి. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కే చాట్ల కాపీకి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మీరు తప్ప ఎవరూ తెరవలేని తాళం) 2021 నుంచి ఉంది, కానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ పెట్టుకుంటే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మర్చిపోతే ఆ బ్యాకప్‌ని వాట్సాప్ వాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు.