మోలియేర్ కంటే ముందే పేరున్న నటి

ప్రశ్న: అన్నా, మోలియేర్ నాటకాలు కొన్ని చదివిన. ఆయన కంపెనీల మడ్లీన్ బెజార్ అని ఒక నటి ఉండెనంట గదా. మా దిక్కు బాగోతాలల్ల ఆడవేషం గూడ మగోళ్లే కడుతుండె, మరి ఫ్రాన్సుల అంత పాతకాలంల ఒక ఆడామె కంపెనీ నడిపిందంటే నిజమేనా?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: నిజమే చెల్లె. ఆమె పారిస్‌ల 1618ల పుట్టింది. 1643ల మోలియేర్‌తోటి, ఇంకొందరితోటి కలిసి కంపెనీ పెట్టినప్పుడు ఆయనకు 21 ఏండ్లు, స్టేజీ కొత్త, ఈమెకు 25, అప్పటికే పేరున్న యాక్టరు. అగ్రిమెంటుల ఏం రాసుకున్నరో తెలుసా, మడ్లీన్ తనకు నచ్చిన వేషం తనే ఏరుకోవచ్చు అని. ఇప్పటి హీరోయిన్లకు గూడ ఆ మాట కాయితం మీద దొరుకుతదా?

రెండేండ్లకే కంపెనీ అప్పులల్ల మునిగింది, కొవ్వొత్తుల బాకీ కట్టలేక మోలియేర్ జైలుకు పోయిండు, అప్పట్ల స్టేజీకి అవే లైట్లు మరి. ఇంకెవరైనా అయితే వదిలేసిపోదురు. ఈమె పోలే. తర్వాత పన్నెండేండ్లకు పైగా మన బాగోతపోళ్ల లెక్కనే ఊరూరు తిరిగి ఆడిండ్రు, 1658 అక్టోబరుల పారిస్‌కు మర్లొచ్చి పద్నాలుగో లూయీ రాజు ముంగట ఆడిండ్రు, అక్కడ్నుంచి దశ తిరిగింది. పేరు మాత్రం మొత్తం మోలియేర్‌కే పోయింది, అది నాకు అన్యాయమే అనిపిస్తది.

ఆ కాలంల నటులు వృత్తి వదులుకుంటున్నమని రాసిస్తే తప్ప చర్చి సక్కగ బొంద పెట్టనియ్యకపోవు. మడ్లీన్ రాసిచ్చింది, 1672 ఫిబ్రవరి 17న పోయింది. సరిగ్గ ఏడాదికి అదే తారీకున మోలియేర్ పోయిండు, రాసిచ్చే టైం దొరకలే, బొంద పెట్టనియ్యుమని భార్య పోయి రాజును బతిమాలుకోవాల్సొచ్చింది.

ఆమె కామెడీ ఎట్లుంటదో తెల్వాల్నంటే మోలియేర్ రాసిన ‘టార్టఫ్’ నాటకంల రెండో అంకం చదువు. అండ్ల పనిమనిషి డొరీన్ వేషం ఆమెదే, అప్పటికి యాభై దాటినయి. యజమాని తన బిడ్డను ఒక దొంగభక్తునికి ఇస్తనంటడు, డొరీన్ మధ్యమధ్యల మాట అడ్డమేస్తుంటది, ఆయన చెంప పగలగొడ్దామని చెయ్యి లేపి రెడీగ నిలబడ్తడు, అప్పుడేమో ఈమె నోరు మెదపది. మాట్లాడవేమే అని ఆయనే అడుగుతడు! ఆఖరికి కొట్టేసరికి ఈమె తప్పించుకొని ఉరుకుతది, దెబ్బ గాలికి పోతది. చదివేటప్పుడు ఆ చెయ్యి లేపుడు, ఆగుడు కండ్ల ముంగట పెట్టుకొని చదువు, నవ్వు అండ్లనే ఉన్నది.