చిట్టాలో తేదీ, ఆవర్జాలో తేదీ

గుంటూరు,
ఆదివారం.

చి. బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. ఒక కోల్డ్ స్టోరేజీ వారి పన్నెండేళ్ల మిర్చి లెక్కలను ఒకే పట్టికగా మార్చి ఇస్తానని నువ్వు ఒప్పుకున్నావట, అదీ వారం రోజుల్లో. నిన్న మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. 'మన ఇంట్లో ఇంకో గుమస్తా తయారైంది' అని మీ పెద్దమ్మతో అని నవ్వాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వారం అని గడువు పెట్టమని నీకు ఎవరు చెప్పారమ్మా? ఆ ఫైళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. నాలాంటివాళ్లే రాసి ఉంటారు.

పైన ఒక తేదీ ఉంటుంది. దాని కింద ఆ రోజు దిగిన సరుకు: రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు అంటే మిర్చి బస్తాలు. రోజు చివర 'మొత్తం'. మళ్లీ ఇంకో తేదీ. మధ్యమధ్య, పుట మారినచోటల్లా 'పేరు, ఊరు, రకం' అని అదే శీర్షిక. కాగితం మీద చూసే కంటికి అంతా చక్కగానే ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం ఒక వరసకూ దాని పై వరసకూ చుట్టరికం తెలియదు.

నువ్వు కొత్త పని ఏమీ చేయడం లేదు. చిట్టా రోజువారీ పుస్తకం, ఆవర్జా పేర్లవారీ పుస్తకం. చిట్టాలో పుట పైన ఒక్కసారి తేదీ వేస్తే చాలు. ఆవర్జాకు ఎక్కించేటప్పుడు మాత్రం ప్రతి పద్దు పక్కనా తేదీ, చిట్టా పుట సంఖ్య రాసి తీరాలి. నాకు పని నేర్పిన పెద్ద గుమస్తాగారు పుట సంఖ్య లేని పద్దు కనిపిస్తే మాట్లాడకుండా పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టేవారు. మళ్లీ మొదటి నుంచి రాయాల్సిందే.

అసలు ఫైలు ముట్టుకోకు, నకలు తీసుకో. విలీనం చేసిన గడులు ఉంటే విడదీయి. అన్నిటికన్నా ముందు ఒక నిలువు వరసలో ఒకటి నుంచి వరస సంఖ్యలు వేసుకో, అదే నీ చిట్టా పుట సంఖ్య. తేదీలు పేర్ల నిలువు వరసలోనే కూర్చుని ఉంటాయి కాబట్టి వాటికి వేరే నిలువు వరస పెట్టు: ఈ వరసలో తేదీ ఉంటే అది, లేకపోతే పై గడిలో ఉన్నది. ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీలో అయితే తేదీలను వేరే నిలువు వరసలోకి తీశాక ఫిల్ డౌన్ చేస్తే సరిపోతుంది, పైనున్నదాన్ని అదే కింది ఖాళీలకు దింపుతుంది. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

తేదీ కిందికి దిగకముందు ఆ తేదీ వరసలను తీసేయకు. ఇది మాత్రం రెండుసార్లు చదువు.

నేను గుమస్తాగా ఉన్న మిర్చి కొట్టులో కంప్యూటర్ కొత్తగా పెట్టిన రోజులు. పురుగు మందులకూ ఎరువులకూ రైతులు తీసుకున్న బాకీల జాబితా తేదీలవారీగా ఉండేది. సాయంత్రంలోగా పేర్లవారీగా కావాలన్నారు షావుకారు గారు. మధ్యలో తేదీల వరసలు అడ్డం వస్తున్నాయి కదా అని అన్నీ ఒక్కసారిగా తీసేశాను. పేర్లను వరసలో పెట్టి, అదే ఫైలు మీద భద్రపరిచి, అచ్చు తీసి ఇచ్చాను. 'భేష్' అన్నారు. ఆ భేష్‌తో రెండు రోజులు ఉబ్బిపోయి తిరిగాను. తరువాత వడ్డీ కట్టడానికి కూర్చుంటే ఏ బాకీకీ తేదీ లేదు.

చిట్టా ఆడిటరు దగ్గర ఉంది. వెళ్లి అడిగితే ఎందుకని అడుగుతారు. నాకా, జ్ఞాపకశక్తి ఎక్కువని మిర్చి యార్డులో పేరు. ఆ రాత్రి కూర్చుని గుర్తున్న తేదీలన్నీ వేసేశాను. చాలావరకు సరిగ్గానే వేశాను కూడా. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే ఒక రైతు మాత్రం సంక్రాంతికి తీసుకున్న బాకీని దసరాకు తీసుకున్నట్టు రాశాను. మూడు నెలల వడ్డీ ఎక్కువ పడింది. సరుకు అమ్మినప్పుడు ఆయనకు ఆ లెక్క చదివి వినిపించింది కూడా నేనే. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, 'మీరు రాశారంటే సరిగ్గానే ఉంటుంది లెండి' అని సంతకం పెట్టాడు.

ఉగాది ముందు చిట్టా తిరిగి వచ్చింది. తప్పు చూసుకుని షావుకారు గారికి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా డబ్బు తీసి ఇచ్చారు, నేనే బస్సెక్కి వెళ్లి రైతు చేతిలో పెట్టాను. ఆయన మజ్జిగ ఇప్పించాడు, ఎండలో ఎందుకొచ్చారన్నాడు. మరుసటి ఏడాది ఆయన సరుకు మా కొట్టుకు రాలేదు.

అందుకే, తేదీ దొరకని వరస ఉంటే ఖాళీగా వదిలేయి. అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి వాళ్లకు చెప్పు. చిన్నతనంగా ఉంటుంది, ఉండనీ. నీకూ నాలాగే జ్ఞాపకశక్తి ఎక్కువ, నా భయమంతా దాని గురించే.

ఇంకో గొయ్యి ఉంది. తేదీ దింపడానికి రాసిన సూత్రాన్ని అలాగే ఉంచి పేర్లవారీగా మార్చకు. వరస కదిలితే 'పై గడి' కూడా మారిపోతుంది, ఒకరి తేదీ ఇంకొకరికి అంటుకుంటుంది. ముందు నకలు తీసి విలువలుగా అతికించు. ఖాళీగా కనిపించే గడిలో ఒక్క స్పేస్ ఉన్నా అది ఖాళీ కాదు, ఫిల్ డౌన్ దాన్ని నింపదు, కింది ఖాళీలకూ ఆ స్పేస్‌నే దింపుతుంది. చుక్కలు పెట్టి రాసిన తేదీలను ఎక్సెల్ అక్షరాలుగా తీసుకోవచ్చు, తేదీ కానిదాన్ని తేదీగానూ మార్చేస్తుంది. మన బ్రాడీపేట 4/7 అని చిరునామా కొట్టి చూడు, నాలుగో లైను ఏడో అడ్డరోడ్డు కాస్తా జులై నాలుగో, ఏప్రిల్ ఏడో అయి కూర్చుంటుంది. అలాంటి నిలువు వరసలను ముందే టెక్స్ట్‌గా పెట్టుకో.

పాత తరహా ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలే పడతాయి, కొత్తదానిలో 10,48,576. పన్నెండేళ్లవి కలుపుతున్నావు కాబట్టి పాతదానిలో భద్రపరచకు. జిల్లా అన్న చోట సత్తెనపల్లికి గుంటూరు అనే ఉంటుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది పల్నాడు జిల్లా. పాతదాన్ని దిద్దకు, పక్కన ఇంకో నిలువు వరస పెట్టుకో.

'మొత్తం' వరసలను పారేయకు. పట్టికలో ఉంటే సరుకు రెండింతలు కనిపిస్తుంది, నిజమే. వేరే షీటులో దాచి, నీ పట్టికలో తేదీలవారీగా వచ్చిన టిక్కీలతో పోల్చు. కలవని రోజులనే వెతుకు. ఆ మొత్తాలు వేసిన గుమస్తా ఎవరో గానీ, ఆ రాత్రి ఇంటికి ఆలస్యంగానే వెళ్లి ఉంటాడు.

కళ్లు మంట పుడితే లేచి కాసేపు నడువు. భోజనం కంప్యూటర్ ముందు చేయకు. మొత్తాలు కలవకపోతే రాత్రి ఎంతైనా ఫోను చెయ్యి, పదకొండు దాకా మేలుకునే ఉంటాను. కలిస్తే పొద్దున చెప్పినా చాలు.

ఇట్లు
మీ పెదనాన్న