సైలెన్సర్ నాలుగుసార్లు ఊడింది. కూలికి వాడితే వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక తండా. ఎండిపోయిన బత్తాయి తోటలు, పొలం గట్ల మీది తుమ్మ చెట్లు కోసి బతుకుతున్నాను. పది నెలల కిందట హైదరాబాదులోని ఒక దుకాణంలో పెట్రోలుతో నడిచే రంపం యంత్రం 31,500 రూపాయలకు కొన్నాను. 20,000 ఫోను ద్వారా, మిగతాది నగదుగా ఇచ్చాను. బిల్లు బదులు ఎస్టిమేట్ చీటీ ఇచ్చారు. ఏడో వారంలోనే సైలెన్సర్ వదులైంది. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే తీసుకురమ్మన్నారు, బిగించి ఇచ్చారు. ఇప్పటికి నాలుగుసార్లు ఇదే జరిగింది. మూడోసారి కొత్త బోల్టులు వేసి 900 తీసుకున్నారు. పోయిన నెల నాలుగోసారి తీసుకెళ్తే సిలిండర్‌లో బోల్టు పట్టే మరలు పోయాయని, సిలిండర్ మార్చాలంటే 7,000 అవుతుందని చెప్పారు. వారంటీ కార్డులో సొంత వాడకానికి ఏడాది, వ్యాపార వాడకానికి మూడు నెలలు అని ఉంది. ‘కూలికి వాడావు, వారంటీ లేదు, వినియోగదారుల కోర్టుకు వెళ్లినా చెల్లదు’ అన్నారు. పనిలో మా బామ్మర్ది సాయం ఉంటాడు. నేను ఊళ్లో లేనప్పుడు రెండు మూడుసార్లు యంత్రాన్ని తెలిసినవాళ్లకు రోజు కిరాయికి ఇచ్చాను. ఇక్కడి లేతు షాపు అతను 1,500కు కొత్త మరలు వేస్తానంటున్నాడు. వేయించుకోవచ్చా? కేసు వేయవచ్చా?

జవాబు: కేసు సంగతి తర్వాత. ముందు ఆ యంత్రాన్ని ఈ స్థితిలో తోటలోకి తీసుకెళ్లడం ఆపండి. వదులైన సైలెన్సర్ పక్క నుంచి వచ్చే పొగ మామూలు పొగ కాదు, నిప్పుసెగ. కింద ఎండుటాకులు, పైన ఎండిన కొమ్మలు. ఎవరి తోటైనా అంటుకుంటే, లోపం ఉందని తెలిసీ వాడారు కాబట్టి నష్టం మీ మెడకే చుట్టుకుంటుంది. అప్పుడు దుకాణదారు మీద మీకున్న ఫిర్యాదు ఆ రైతు ముందు అక్కరకు రాదు.

ఇక దుకాణం వాళ్లు చెప్పిన మాటకు వద్దాం. వాళ్లు రెండు వేర్వేరు విషయాలను ఒకే ముడి వేశారు. వారంటీ ఎన్ని నెలలు అనేది కంపెనీకీ మీకూ మధ్య ఉన్న షరతు. మీరు వినియోగదారు అవునా కాదా అనేది చట్టం తేల్చే విషయం. మొదటిది మీకు వ్యతిరేకంగా ఉన్నంత మాత్రాన రెండోది పోదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) ప్రకారం వ్యాపార ప్రయోజనం కోసం వస్తువు కొన్నవారు వినియోగదారు కారు. కానీ అక్కడే ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో జీవనోపాధి సంపాదించుకోవడానికే కొని, తానే వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. ఈ వివరణ మీలాంటి వారి కోసమే. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చాలా తేటగా చెప్పింది. ఆటో కొని తానే నడుపుకునేవాడు, లేతు యంత్రం కొని తానే పని చేసుకునేవాడు వినియోగదారే. ఒకరిద్దరిని సాయం పెట్టుకున్నా ఆ హోదా పోదు. అదే యంత్రాన్ని పూర్తిగా ఇంకొకరి చేత నడిపించి ఆదాయం తీసుకుంటే పోతుంది. మీ బామ్మర్ది కొమ్మలు లాగినా, మీరు అలిసినప్పుడు కాసేపు రంపం పట్టినా భయం లేదు.

మీ కేసులో నన్ను ఆలోచింపజేసింది ఆ రెండు మూడు రోజుల కిరాయి. అవతలి వకీలు పట్టుకునేది దాన్నే. అలాగని దాచకండి. ప్రమాణపత్రంలో దాచిన మాట విచారణలో బయటపడితే మిగతా నిజాలను కూడా వినియోగదారుల కమిషన్, అంటే మీరు కోర్టు అన్నదే, అనుమానంతో చూస్తుంది. పది నెలల్లో ఎన్ని రోజులు స్వయంగా పనిచేశారు, ఎన్ని రోజులు కిరాయికి ఇచ్చారు అన్నది ఉన్నదున్నట్లు రాయండి. అప్పుడప్పుడు చేబదులులా ఇచ్చిన కిరాయికీ, కిరాయి వ్యాపారానికీ తేడా ఉందని వాదించవచ్చు. ఆ వాదన నిలుస్తుందనే నా నమ్మకం. కానీ ఈ రోజు నుంచి ఎవరికీ ఇవ్వకండి. మీరు ఎవరెవరి తోటల్లో పనిచేశారో ఆ రైతుల్లో ఇద్దరు ముగ్గురి చేత ‘ఈయనే స్వయంగా కోశారు’ అని రాయించి సంతకాలు తీసుకోండి. అయితే అనుమతి కావలసిన చెట్లను అనుమతి లేకుండా కోయించినవారి పేరు సాక్షిగా పెడితే వాళ్లకూ మీకూ ఇబ్బంది. వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) గుర్తుపెట్టుకుని, కాగితాలు సరిగ్గా ఉన్న రైతులనే ఎంచుకోండి.

వారంటీ విషయంలో మీ చేతిలో ఉన్న అసలు బలం ఏడో వారం నాటి వాట్సాప్ ఫొటో. వ్యాపార వాడకానికి మూడు నెలలే అని వాళ్ల మాటనే ఒప్పుకుందాం. ఫిర్యాదు ఆ మూడు నెలల లోపలే చేశారు కదా. వాళ్లు బాగుచేశామని ఇచ్చారు, అది బాగుకాలేదు. తర్వాతి మూడుసార్లు వచ్చినవి కొత్త లోపాలు కావు, మొదట తీరని లోపమే మళ్లీ మళ్లీ వచ్చింది. గడువులోపు చెప్పిన లోపాన్ని తీర్చకుండా గడువు దాటేదాకా సాగదీసి, ఆ తర్వాత వారంటీ అయిపోయిందనడం సేవా లోపం. దుకాణానికి, కంపెనీకి పంపబోయే నోటీసులో మీ వాదన ఈ ఒక్క పాయింటు మీద నిలబడాలి. ఆ ఫోను మారిస్తే, పోగొట్టుకుంటే అంతా గాలికి పోతుంది. ఇవాళే ఆ సంభాషణ మొత్తాన్ని తేదీలతో సహా ప్రింటు తీయించండి.

అవతలివారు ఏమంటారో కూడా తెలుసుకోండి. ‘సైలెన్సర్ బోల్టులు అప్పుడప్పుడు చూసి బిగించుకోవాలని పుస్తకంలో రాశాం, ఆయన చూసుకోలేదు’ అంటారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టి యంత్రం సంగతి కాస్త చెప్పాలి. సైలెన్సర్‌ను సిలిండర్‌కు పట్టి ఉంచేవి సాధారణంగా రెండు బోల్టులు. యంత్రం నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది, ఆ అదురు వాటి మీద పడుతుంది. పైగా బోల్టు ఉక్కు, సిలిండర్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. రోజూ కాగడం, చల్లారడం వల్ల పట్టు సడలుతుంది. సడలిన చోట సెగ కొట్టి, సైలెన్సర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్ కాలుతుంది, ప్యాకింగ్ పోతే సైలెన్సర్ ఇంకా ఊగుతుంది, ఆ ఊపుకు మెత్తని అల్యూమినియం మరలు తెగిపోతాయి. బోల్టు సడలకుండా మరలకు పూసే సాధారణ జిగురు ఆ వేడికి నిలవదు. కాబట్టి ఒక్కసారి వదులైతే మీ నిర్వహణ లోపం అనవచ్చు. దుకాణంలోనే బిగించి పంపినా నాలుగుసార్లు ఊడిందంటే ఎక్కడో అసలు కారణం ఉంది. సైలెన్సర్ అంచు సమంగా కూర్చోకపోవచ్చు, బోల్టు పొట్టిగా ఉండవచ్చు, లాకు వాషరు వేయకపోయి ఉండవచ్చు, రంధ్రం వంకరగా పడి ఉండవచ్చు, ప్యాకింగ్ మార్చకుండా బోల్టు మాత్రమే తిప్పి ఉండవచ్చు. వీటిలో మొదటివి తయారీ లోపాలు, చివరిది మరమ్మతు చేసినవారి లోపం. ఏదైనా మీ తప్పు కాదు. కానీ ఏది అన్నది చూపించాల్సిన భారం మీ మీదే ఉంటుంది.

అందుకే లేతు షాపు అతన్ని కొన్నాళ్లు ఆగమనండి. అతను చెప్పిన పని మంచిదే. పాడైన మరలను తొలిచి ఉక్కు కాయిల్ దించితే పాతదానికంటే గట్టిగా నిలుస్తుంది. 7,000 పెట్టి సిలిండర్ మార్చడం కంటే తెలివైన దారి కూడా. కానీ డ్రిల్లు దిగిన క్షణం పాత మర ఎలా పోయిందో చెప్పే సాక్ష్యం పొడిగా రాలిపోతుంది. ముందు ప్రభుత్వ ఐటీఐ లేదా పాలిటెక్నిక్‌లో మెకానికల్ తెలిసిన ఒకరికి యంత్రాన్ని చూపించి, ఏం కనిపించిందో సంతకంతో రాయించుకోండి. సైలెన్సర్ విప్పేటప్పుడు, అంచు మీద ఉక్కు స్కేలు పెట్టి వెలుతురు కనిపిస్తోందా చూసేటప్పుడు వీడియో తీయండి. పాత బోల్టులు, కాలిన ప్యాకింగ్ ఒక డబ్బాలో వేసి తేదీ రాసి ఉంచండి.

ఆ తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. దుకాణానికి ఒకటి, కంపెనీకి ఒకటి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా అట్టపెట్టె మీద ఉంటాయి, పెట్టె పారేయకుండా ఉంటే ఇప్పుడు పనికొస్తుంది. నాలుగు తేదీలు, నాలుగుసార్లు చేసిన పని, తీసుకున్న 900, అడిగిన 7,000 రాయండి. పదిహేను రోజుల్లో వచ్చి చూసి ఉచితంగా బాగుచేయాలని, రాకపోతే ఇది నా జీవనాధారం కాబట్టి బయట చేయించుకుని ఆ ఖర్చు మీ నుంచి రాబడతానని స్పష్టంగా రాయండి. ఈ వాక్యం తప్పకుండా ఉండాలి. నష్టాన్ని తగ్గించుకునే దారి ఉండీ చేతులు కట్టుకుని కూర్చుంటే, ఆ కూర్చున్న రోజుల కూలి అంతా రాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ చెప్పేది అదే. 1,500తో అయ్యే పనిని ఆరు నెలలు ఆపి ఆరు నెలల కూలి అడిగితే కమిషన్ ఒప్పుకోదు. పదిహేను రోజులు దాటాక, వీడియో తీశాక, లేతు షాపులో రసీదుతో చేయించుకోండి.

సరైన బిల్లు లేదని దిగులు పడకండి. ఫోను చెల్లింపు రుజువు, వారంటీ కార్డు మీద ముద్ర, యంత్రం సీరియల్ నంబరు, వాట్సాప్ మాటలు కలిస్తే కొనుగోలు రుజువవుతుంది. పైగా బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అక్రమ వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, అది కూడా ఫిర్యాదులో ఒక అంశమే.

ఇక ఏం కోరాలి అన్నది. కొత్త యంత్రమే కావాలని పట్టుబట్టకండి. 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు వారంటీ అంటే లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం, మొత్తం బండిని మార్చడం కాదని చెప్పింది. ముందుగా మరమ్మతు ఖర్చు, తీసుకున్న 900 తిరిగి ఇప్పించమని, కుదరకపోతే ధర వడ్డీతో వాపసు ఇప్పించమని అడగండి. పని పోయిన రోజులకు, తిరిగిన ప్రయాణాలకు, మానసిక క్షోభకు మీరు చూపించగలిగినంత పరిహారం కోరండి. లక్షలు రాస్తే ఫిర్యాదు బరువు పెరగదు, నమ్మకం తగ్గుతుంది.

హైదరాబాదుకు తిరగనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చని 2019 చట్టం చెబుతోంది, కాబట్టి నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి నమోదు చేస్తే కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగివస్తుంది. ఫిర్యాదు గడువు రెండేళ్లు. పోయిన నెల నిరాకరించిన రోజు నుంచి లెక్కించవచ్చనే వాదన ఉన్నా, మీరు మాత్రం మొదటిసారి సైలెన్సర్ వదులైన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. కమిషన్ పంపే నోటీసు అందాక ఎదుటివారికి జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15 రోజులు ఉంటాయి. ప్రయోగశాల పరీక్ష అవసరమని కమిషన్ అనుకుంటే ఆ రుసుము ముందు మీరే కట్టాలి. పైన చెప్పిన ఐటీఐ రాతపూర్వక అభిప్రాయం గట్టిగా ఉంటే చాలాసార్లు అంత దూరం పోదు.

తండా అని రాశారు కాబట్టి ఇంకొకటి చెబుతాను. మీరు షెడ్యూల్డు తెగకు చెందినవారైతే, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పొందే హక్కు మీకుంది. నల్లగొండ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. వెళ్లేటప్పుడు కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, ఎస్టిమేట్ చీటీ, వారంటీ కార్డు, ప్రింటు తీయించిన వాట్సాప్ సంభాషణతో పాటు ఆ బోల్టుల డబ్బా కూడా పట్టుకెళ్లండి. మీ వకీలు వాటిని కళ్లారా చూస్తే ఫిర్యాదు సరిగ్గా రాయగలుగుతారు.