మంగోలియా వెళ్తానంటున్న స్వాతికి

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు "పెద్దమ్మా, అక్కడ శామన్ దగ్గర, అదే డోలు కొట్టి ఆత్మల్ని పిలిచే పూజారి దగ్గర, పూజ చేయిస్తే పిల్లాడికి మాటలొస్తాయట" అంటే నేను ఊఁ కొట్టి ఊరుకున్నాను. ఏడేళ్ళ కిందట మీ అక్కా ఇదే మాట అంది. అప్పుడు దాని కొడుకు బుజ్జిగాడికి ఆరేళ్ళు. వద్దన్నాను, వినలేదు. ఆఖరికి నేనూ మూట కట్టుకుని బయల్దేరాను. అందుకని నిన్ను వద్దనను. ఎలా వెళ్ళాలో మాత్రం చెప్తాను, విను.

ఆటిజం డోలు మోతకి వదిలిపోయేది కాదు. బుజ్జిగాడు బుజ్జిగాడిలాగే వెళ్ళాడు, బుజ్జిగాడిలాగే వచ్చాడు. స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి నాగా ఆ మూడు వారాలే, తిరిగి రాగానే మళ్ళీ మొదలెట్టు. మీవాడి ఫిట్స్ మందు ఎవరు చెప్పినా ఒక్క పూట కూడా ఆపొద్దు. ప్రయాణానికి సరిపోయే దానికి రెండింతలు కొని, సగం నీ చేతిసంచీలో, సగం మీ ఆయన దగ్గర పెట్టు.

మాకు ప్రయాణం కుదిర్చినవాళ్ళు నూటికి నూరుపాళ్ళు నయమవుతుందని చెప్పి, పూజకని వేరే డబ్బు గుంజారు. తీరా వెళ్తే ఆ శామన్ ముసలాయన నయం మాటే ఎత్తలేదు. దుబాసీ చేత అడిగించింది ఒక్కటే: "పిల్లాడు రాత్రిళ్ళు నిద్రపోతాడా?" అన్నేళ్ళలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎంతమంది డాక్టర్లు అడిగారో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నువ్వు వెళ్ళాలనుకుంటున్న దుఖా తెగవాళ్ళు ఉండేది ఖొవ్స్‌గోల్ ప్రాంతంలో, రష్యా సరిహద్దు దగ్గరి అడవిలో. మంగోలులు వాళ్ళని త్సాతాన్ అంటారు, అంటే రెయిన్‌డీర్లు (చలిప్రాంతాల దుప్పులు) ఉన్నవాళ్ళని. కొన్ని వందలమందే మిగిలారు. ఆ జంతువులకి మేత దొరికేచోటికల్లా గుడారాలు పీకి మకాం మారుస్తుంటారు. రాజధాని ఉలాన్‌బాతర్ నుంచి మురున్‌కి విమానం, అక్కణ్ణుంచి త్సగాన్‌నూర్‌కి రోజంతా జీపు, ఆపైన గుర్రాలే. సరిహద్దు పర్మిట్ ముందే తీయించుకోవాలి. జీపు ప్రయాణం ఒక్కరోజులో లాగించొద్దు. మేం లాగించాం. బుజ్జిగాడు ఆఖరి రెండు గంటలూ తల సీటుకేసి కొట్టుకున్నాడు. మధ్యలో ఓ రాత్రి ఆగండి.

ఇప్పట్నుంచే మీ ఊళ్ళో వారానికి రెండుసార్లు గుర్రం ఎక్కించు. స్వారీవల్ల ఆటిజం పిల్లల్లో చిరాకు, కుదురులేనితనం కొంత తగ్గుతాయని 2015లో అమెరికాలో చేసిన పరిశోధనలో తేలింది. కొంత అంటే కొంతే, పొంగిపోకు. హెల్మెట్ ఇక్కడిదే పట్టుకెళ్ళు. వాడికి అలవాటైనదైతేనే నెత్తిన ఉంచుకుంటాడు.

పూజ సంగతి. చీకటి పడ్డాకే మొదలెడతారు. ఇరుకు గుడారం, మధ్యలో నిప్పు, జునిపర్ ఆకుల పొగ, చెవులు చిల్లులుపడే డోలు. మిక్సీ శబ్దానికే మంచం కింద దూరే పిల్లాడికి అదెలా ఉంటుందో ఆలోచించు. మోత వినపడకుండా చెవులకి పెట్టుకునేవి తీసుకెళ్ళు, గుమ్మం పక్కనే కూర్చో, వాడు లేస్తే నువ్వూ లేచి బయటికొచ్చెయ్. వాళ్ళేమీ అనుకోరు. గడప మాత్రం తొక్కనివ్వకు, నిప్పులో చెత్త వేయనివ్వకు. అవి వాళ్ళకి పెద్ద తప్పులు.

1930ల్లో అక్కడి ప్రభుత్వం శామన్ల వెంటపడి చంపింది, మిగిలినవాళ్ళు నోరు మూసుకుని దాక్కున్నారు. 1990 తర్వాత మళ్ళీ బయటికొచ్చారు, వాళ్ళతోపాటు కొత్తగా పుట్టుకొచ్చినవాళ్ళు కూడా బోలెడుమంది. ఎవరు అసలు, ఎవరు నకిలీ అని అక్కడివాళ్ళే తగువులాడుకుంటారు. మన దగ్గర పూనకాల సంగతి నీకు తెలియంది కాదుగా. శామన్ కాబోయేవాడికి ముందు పెద్ద జబ్బు చేస్తుందని వాళ్ళ నమ్మకం. మీవాణ్ణి చూసి ఎవరైనా "వీడికి పిలుపొచ్చింది" అంటే నవ్వి ఊరుకో. నీ పుట్టింటి వైపు చనిపోయిన పెద్దలెవరో పట్టుకున్నారన్నా ఊరుకో. నీ తప్పని చెప్పడానికి మీ అత్తగారు ఉండనే ఉన్నారు, దానికోసం అంతదూరం వెళ్ళక్కర్లేదు.

మరి మీకేం ఒరిగిందని అడుగుతావు. రెయిన్‌డీర్ నడుస్తుంటే దాని కాళ్ళలోంచి టిక్ టిక్‌మని చిన్న శబ్దం వస్తుంది. మాకెవరికీ వినపడలేదు, వాడికి వినపడింది. నేల మీదికి చెవి వంచి, ఒకదాని వెనకాలే పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నడిచాడు. వాడి పక్కనే ఆ ఇంటి పిల్ల ఒకతి, ఎనిమిదేళ్ళుంటాయి, ఏమీ అడక్కుండా నడిచింది. ఆ కొమ్ములు వేసవిలో ముఖమల్‌లా ఉంటాయి, పట్టుకుంటే వెచ్చగా తగుల్తాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వని వాడు కొమ్ముకి చెంప ఆనించి నిలబడ్డాడు. మీ అక్క గుడారం వెనక్కెళ్ళి ఏడ్చింది. అక్కడున్న తొమ్మిది రోజుల్లో "వీడికేమైంది?" అని మమ్మల్నెవరూ అడగలేదు. అది పూజ మహిమో, పదిమందీ కళ్ళప్పగించి చూడని చోటి మహిమో నేను తేల్చలేను. నా అనుమానం మాత్రం రెండోదాని మీదే.

ఆ జంతువులకి ఉప్పంటే ప్రాణం. పిల్లాడు బయట ఉచ్చపోస్తుంటే పరుగున వచ్చి నేల నాకుతాయి. బుజ్జిగాడు మొదటిసారి బెదిరాడు, రెండోసారి నవ్వాడు, ఇక గంటకోసారి వెళ్ళేవాడు. చడ్డీలో పోయడం మానింది అక్కడే. ఇంటికొచ్చాక మళ్ళీ రెండు నెలలు తంటాలు పడ్డామనుకో, అది వేరే సంగతి.

తిండికి అక్కడ ఎక్కువగా మాంసమూ పాలే. వాళ్ళు తరగ్ అనేది అచ్చం మన పెరుగే. బియ్యం పట్టుకెళ్తే పెరుగన్నానికి లోటుండదు. అడవిలో పిల్లాడు నాలుగడుగులు పక్కకెళ్తే కనపడడు, మెడలో ఈల కట్టు, వాడి బాధ్యత ఒక్కరే చూడండి, వంతులు పెట్టుకుని. ఇద్దరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదని లెక్క. జూలై 11 నుంచి 13 దాకా నాదమ్ పండగ, ఆ రోజుల్లో ఉలాన్‌బాతర్‌లో జనం కిటకిట. అవి దాటాక వెళ్ళు.

తేదీలు ఖాయం చేసుకున్నాక చెప్పు. బుజ్జిగాడి చెవులవి ఇంకా పనిచేస్తున్నాయి, నా రబ్బరు బూట్లు కూడా అటక మీదే ఉన్నాయి. నీ పాదానికి ఓ సైజు పెద్దవవుతాయి, ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తొడుక్కో.

మీ పెద్దమ్మ