చిన్న తెరేజమ్మ బాటలో నడవాలనుకున్న ఒక కోడలికి

ప్రశ్న: మాది కతోలిక కుటుంబం. భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని బలపరిచే సంస్కారం) పొందినప్పుడు నేను కోరి పెట్టుకున్న పేరు పునీత చిన్న తెరేజమ్మది. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఏడాదిన్నర క్రితం జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా, వాకర్ పట్టుకున్నా, పక్కన మనిషి లేనిదే నడవలేరు. కొన్ని నెలలుగా అన్నం తిన్న కాసేపటికే తనకు తిండి పెట్టడం లేదని వీధికి వినిపించేలా కేకలు వేస్తున్నారు. తన గాజులు నేనే తీశానని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. రాత్రిళ్లు నిద్రపోరు, నన్ను పోనివ్వరు. ఆమె కోసమే నేను టీచరు ఉద్యోగం మానేశాను. మరిది, ఆడపడుచు ఫోనులో పలకరిస్తారు, అంతే. తెరేజమ్మలాగా నవ్వుతూ సేవ చేయాలనుకుంటాను కానీ లోపల కోపంతో రగిలిపోతున్నాను. మొన్న ఒక రాత్రి ఆమె చెయ్యి గట్టిగా నొక్కి మంచం మీద కూలేశాను. ఆమె ఏడ్చారు. అప్పటి నుంచి పూజలో సత్ప్రసాదం (పవిత్ర రొట్టె) తీసుకోవడానికి మనసు ఒప్పడం లేదు. మా వారితో చెప్పుకుంటే, "నువ్వు తెరేజమ్మ భక్తురాలివి కదా, ఆమెలాగే ఓర్చుకో" అంటున్నారు. నా విశ్వాసమంతా నటనేనా?

జవాబు:

అమ్మా,

మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మీ విశ్వాసం నటన కాదు. మనసులో చిరాకు ఉండగా ముఖాన నవ్వు తెచ్చుకోవడం వేషమని మీరు బాధపడుతున్నారు గాని, తెరేజమ్మ జీవితంలో ఆ రెండూ కలిసే ఉండేవి. 1897 జూన్‌లో, క్షయ వ్యాధి తనను తినేస్తున్న రోజుల్లో, మఠాధికారిణి కోరిక మీద ఆమె రాసిన పుటల్లో ఈ సంగతిని ఏమాత్రం దాచుకోకుండా చెప్పుకున్నారు. ఆ తర్వాత మూడు నెలలకే, సెప్టెంబరు 30న, ఇరవై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు.

తెరేజమ్మ ఫ్రాన్సు దేశపు కన్యాస్త్రీ. లిసియూ పట్టణంలోని ఆమె కార్మెల్ మఠంలో సిస్టర్ సెయింట్ పియేర్ అనే వృద్ధ మఠవాసిని ఉండేవారు. కాళ్లూ చేతులూ సరిగా ఆడక, సాయంకాలం ప్రార్థన నుంచి భోజనశాలకు ఆమెను ఎవరో ఒకరు నడిపించాల్సి వచ్చేది. ఆమెను మెప్పించడం కష్టమని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ముందుకు రాకపోతే, మఠంలో అందరికంటే చిన్నవాళ్లలో ఒకరైన తెరేజమ్మ వెళ్లి తాను చేస్తానని బతిమాలుకున్నారు. ఆరు గంటలకు పది నిమిషాల ముందు ఆ పెద్దావిడ తన ఇసుక గడియారాన్ని కదిపేవారు; అంటే బయలుదేరుదామని. వెంటనే లేచి, బల్లను ఆమె చెప్పిన తీరులోనే జరిపి, నడుము పట్టీ పట్టుకుని వెనకాలే నడవాలి. కాలు కాస్త తడబడితే వేగంగా లాక్కుపోతున్నావని, నెమ్మదిస్తే పట్టు వదిలేశావు, పడిపోతున్నానని గొణిగేవారు. ఇంత చిన్నపిల్ల తనకేం సాయం చేయగలదని కూడా అనేవారట. భోజనశాలకు చేరాక కూర్చోబెట్టి, అంగీ చేతుల మడతలు కూడా ఆమె కోరినట్టే సర్ది వెళ్లిపోవచ్చు. కానీ వంకరపోయిన ఆ చేతులతో ఆమె రొట్టె కోసుకోలేకపోవడం తెరేజమ్మ కంటపడింది. ఆ నాటి నుంచి రొట్టె కోసిపెట్టి, ఒక చిరునవ్వు నవ్వి గాని కదిలేవారు కాదు. ఆ పని తేలికగా ఉందని ఆమె ఎక్కడా రాయలేదు. మొదట్లో తనకెంతో కష్టమైందనే రాశారు.

ఇక కోపం సంగతి. ఒకసారి మఠాధికారిణి జబ్బుపడి పడుకుని ఉండగా, తాళం చెవులు తిరిగి పెట్టడానికి తెరేజమ్మ ఆమె గదికి వెళ్లారు. నిద్రాభంగం చేస్తుందని మరొక సిస్టర్ తలుపు దగ్గర అడ్డుకున్నారు. ఆ పెనుగులాటకే మఠాధికారిణికి మెలకువ వచ్చింది, తప్పంతా తెరేజమ్మదేనని ఆ సిస్టర్ ఆవేశంగా చెప్పసాగారు. తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడితే మనశ్శాంతి పోతుందని తెరేజమ్మకు తెలుసు, నోరు మూసుకుని నిలబడి వినే శక్తి లేదనీ తెలుసు. అందుకే తెరేజమ్మ అక్కడి నుంచి పారిపోయారు. గుండె దడదడలాడుతుంటే దూరం పోలేక మెట్ల మీద కూలబడ్డారు. అది ధైర్యం కాదని ఆమే ఒప్పుకున్నారు, ఓటమి ఖాయమైనప్పుడు పోరుకు దిగకుండా తప్పుకోవడమే మేలని కూడా రాశారు. తిరుసభ, అంటే కతోలిక క్రైస్తవ సంఘం, 1925లో పునీతురాలిగా ప్రకటించినది, 1997లో సభా పండితురాలిగా (విశ్వాస బోధలో ప్రామాణికురాలిగా) గౌరవించినది ఇలా పారిపోయిన మనిషినే.

అమ్మా, ఆ రాత్రి మీరు చేయవలసిన పని అదే. మీ అత్తగారు మంచం మీద భద్రంగా ఉన్నారని చూసుకుని, మంచం పక్కన అడ్డు కమ్మీలు పెట్టి, గది బయటికి వచ్చి, నిమిషాల కొద్దీ కేకలు వేసినా సరే, వరండాలో కూర్చోవలసింది. ఆమె చెయ్యి నొక్కిన మాటను నేను తేలికగా తీసుకోను. ఆ వయసులో చర్మం పలచన, ఎముక గుల్ల. మరోసారి అలా జరిగితే పెద్ద దెబ్బే తగలవచ్చు. అయితే నెలల తరబడి నిద్రలేని మనిషి చెయ్యి అదుపు తప్పడం, ఆ మనిషి ఒంటరిగా ఆ పని ఇక చేయలేదనడానికి గుర్తు. మీ విచారణ గురువుల (మీ చర్చి ఫాదర్) దగ్గర పాపసంకీర్తనం చేయండి, అంటే చేసిన తప్పు ఒప్పుకోండి, ఆపైన సత్ప్రసాదం స్వీకరించండి. పశ్చాత్తాపపడ్డవారిని దూరం పెట్టడానికి సత్ప్రసాదపు బల్ల వేయలేదు. కానీ పాపసంకీర్తనం చేసి ఇంటికి వచ్చి, మళ్లీ అదే రాత్రిలోకి ఒంటరిగా వెళితే ఏమీ మారదు.

మీవారు అన్న మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. తెరేజమ్మ ఓర్చుకున్నది తాను కోరి తీసుకున్న బరువును. సుమారు పాతికమంది ఉన్న మఠంలో, సాయంకాలం పూట కాసేపు చేసే పనిని ఆమె కోరి తీసుకున్నారు. మిగతా వేళల్లో ఆ వృద్ధురాలిని చూసుకోవడానికి ఇతర సిస్టర్లు ఉన్నారు, వంటకు ఒకరు, రోగుల గదికి ఒకరు ఉన్నారు. మీరు పగలూ రాత్రీ ఒక్కరే చేస్తున్నది వేరు. ఒక పునీతురాలి త్యాగాన్ని చూపించి ఇంకొకరి భుజాన బరువు పెట్టి తాను తప్పుకోవడం భక్తి కాదు, అది ఎవరు చేసినా సరే. ఓర్పు నిజంగా అంత గొప్పదైతే, ఆ గొప్పలో కొడుకుకూ వాటా ఉండాలి.

ఆయనకు తెరేజమ్మ తండ్రి కథ చెప్పండి. లూయీ మార్టిన్ గారికి 1888 ప్రాంతంలో మతి స్థిమితం తప్పడం మొదలైంది. ఇల్లు విడిచి ఎటో వెళ్లిపోతే ఇంటివాళ్లు వెతికి తెచ్చుకున్నారు. 1889 ఫిబ్రవరిలో ఆయనను కాన్ నగరంలోని బోన్ సోవర్ మానసిక చికిత్సాలయంలో చేర్చారు, అక్కడ మూడేళ్లకు పైగా ఉన్నారు. చిన్న కూతురు మఠంలో చేరిన బాధతోనే తండ్రికి పిచ్చి పట్టిందని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ మాటలు తెరేజమ్మ చెవిన పడ్డాయి, గుండె కోశాయి. అయినా ఆ కుటుంబం ఆయనకు వైద్యం మాన్పించలేదు. 1892లో, నడక పడిపోయాక, ఇంటికి తెచ్చుకున్నారు. కూతురు సెలీన్ దగ్గరుండి చూసుకున్నారు, మేనమామ కుటుంబం అండగా నిలిచింది, సేవకులు సాయం చేశారు. 1894 జులైలో ఆయన పోయాకే సెలీన్ మఠంలో అడుగుపెట్టారు. తెరేజమ్మ తల్లిదండ్రులైన లూయీ, జెలీ దంపతులను 2015లో తిరుసభ కలిపి పునీతులుగా ప్రకటించింది. అమ్మను డాక్టరుకు చూపిస్తే, మనిషిని పెట్టి చూసుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న జంకు మీ ఇంట్లో ఉంటే, ఈ కథ దానికి జవాబు చెబుతుంది.

ఎందుకంటే మీరు రాసిన లక్షణాలు చూస్తుంటే ఇది గయ్యాళితనంగా అనిపించడం లేదు. తిన్న సంగతి మరచిపోవడం, వస్తువులు దొంగిలించారని దగ్గరివారినే అనుమానించడం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం మతిమరుపు వ్యాధి, అంటే డిమెన్షియా, ఉన్నవారిలో తరచుగా కనిపిస్తాయి. న్యూరాలజిస్టుకు గాని సైకియాట్రిస్టుకు గాని చూపించండి. థైరాయిడ్, బి12, సోడియం పరీక్షలు, మూత్ర పరీక్ష చేయించమని అడగండి. ఈ లోపాల వల్ల, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల కూడా పెద్దవారికి మతి తప్పుతుంది, అవి నయం చేయదగ్గవి. ఆమె వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో పట్టుకెళ్లండి. గాజుల మాట వచ్చినప్పుడు వాదించకండి. "ఇద్దరం కలిసి వెతుకుదాం అత్తయ్యా" అని బీరువా దగ్గరికి నడిపించండి. అన్నం పెట్టలేదని అరిచినప్పుడు ఇప్పుడే తిన్నారు కదా అని నిరూపించాలని చూడకుండా, చిన్న గిన్నెలో రెండు ముద్దల పెరుగన్నమో, షుగరు లేకపోతే ఒక అరటిపండు ముక్కో చేతిలో పెట్టండి. సిస్టర్ సెయింట్ పియేర్‌కు తెరేజమ్మ రొట్టె కోసిపెట్టడం అంటే ఇదే.

ఆదివారం పూజకు వెళ్లలేకపోయిన వారాలను పాపాల జాబితాలో వేసుకోవద్దు. రోగి పక్కన మనిషి ఉండి తీరవలసినప్పుడు తిరుసభ ఆ బాధ్యతను మీ మీద మోపదు. మీ విచారణ గురువులను ఇంటికి ఆహ్వానించండి. అత్తగారికి అవస్థాభ్యంగనం (రోగులకు నూనె పూసి చేసే ప్రార్థన), ఇద్దరికీ సత్ప్రసాదం అందుతాయి. నిన్నటి మాట గుర్తులేని పెద్దవారు కూడా చిన్ననాటి జపమాల ప్రార్థనలో గొంతు కలపడం నేను చాలా ఇళ్లలో చూశాను. విచారణలో మరియదళం (మరియమాత పేరిట సేవ చేసే భక్త బృందం) సభ్యులుంటే వారంలో ఒక పూట వచ్చి కూర్చోమని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి.

ఇంట్లో మాత్రం గట్టిగా మాట్లాడాలి. వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అంటుంది. అందులో కోడలి పేరు లేదు. కోర్టుకెక్కమని చెప్పడం లేదు. బాధ్యత మొదట ఎవరిదో అందరికీ తెలియాలని చెబుతున్నాను. మీ భర్త, మరిది, ఆడపడుచు ముగ్గురూ కలిసి రాత్రిపూటకు ఒక ఆయా జీతం పంచుకోవాలి. ఆయా దొరికేదాకా వారంలో మూడు రాత్రులు మీవారు తల్లి గదిలో పడుకోవాలి. సెలవుల్లో ఆడపడుచు వచ్చి కొన్నాళ్లు ఉండాలి. ఈ మాట అరవకుండా, ఏడవకుండా, ఒక కాగితం మీద రాసుకుని చెప్పండి. ఆ రాత్రి చెయ్యి నొక్కిన సంగతి కూడా దాచకుండా చెప్పండి, లేకపోతే ఆయనకు దీని తీవ్రత అర్థం కాదు. పెద్దల సంరక్షణ గురించి సలహా కోసం 14567కు, మీ మనసు మరీ కుంగిపోయినట్టు అనిపిస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. రెండింటికీ డబ్బు ఖర్చు కాదు.

డాక్టరు దగ్గరికి అత్తగారిని మీరొక్కరే తీసుకెళ్లకండి. మీవారు దుకాణమైనా ఆఫీసైనా ఒక పూట మానుకుని రావాలి. తల్లి జబ్బు గురించి డాక్టరు చెప్పే మాట ఆయన స్వయంగా వినాలి.